మెడ మీద షేవింగ్ మంట: చీమకుర్తి పాఠకుడికి జవాబు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. ఉదయం ఆరు గంటల షిఫ్టు, దుమ్ముకి మాస్కు తప్పనిసరి. మొన్నటిదాకా ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్ వాడాను. ఖర్చు ఎక్కువవుతోందని, మా మామగారి పాత మెటల్ రేజర్, రెండంచుల బ్లేడ్ల ప్యాకెట్, బ్రష్షు, ట్యూబు క్రీము పెట్టుకుని మూడు వారాలుగా రోజూ తెల్లారుజామున గీసుకుంటున్నాను. బుగ్గలు బాగానే ఉన్నాయి. మెడ మాత్రం ఎర్రబడి సాయంత్రం దాకా మండుతుంది, చెమట తగిలితే ఇక చెప్పలేను. దవడ కింద చిన్న పొక్కులు కూడా లేచాయి. మావి బోరు నీళ్లు, బకెట్ అంచుకి సుద్ద పేరుకుంటుంది. నురగ ఎంత తిప్పినా నిలవదు. పొదలకూరులో ఉండే మామగారు నిమ్మచెక్క రుద్దుకోమంటే రుద్దాను, పైన లోషన్ కూడా పూశాను. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. తప్పు రేజర్‌దా, బ్లేడుదా, నా చర్మానిదా? మళ్లీ కార్ట్రిడ్జ్‌కే పోవాలా?

జవాబు: బుగ్గలు బాగున్నాయి, మెడే మండుతోంది అని రాశారు చూడండి, అసలు ఆచూకీ అక్కడే దొరికింది. బ్లేడు చెడ్డదైతే, క్రీము పడకపోతే బుగ్గ కూడా మండాలి. అదే రేజర్, అదే నురగ బుగ్గకి సరిపోయి మెడకి సరిపోలేదంటే, మెడ దగ్గరికొచ్చేసరికి మీ చెయ్యి వేరే రకంగా నడుస్తోంది. మెడ మీద వెంట్రుకల వాలు మారుతుంది, చర్మం వదులుగా ఉంటుంది, దవడ వంపు దాటగానే బ్లేడు మనకి తెలియకుండానే నిటారుగా లేచి గీరుతుంది. దానికి తోడు ఆరిపోయిన నురగ, ఆపైన నిమ్మరసం. రేజర్ మార్చనక్కర్లేదు. ముందు మంట చల్లార్చి, తర్వాత చేతిని దారికి తెచ్చుకోవాలి.

మీకున్న బాధలు రెండు, వాటిని కలిపేసి చూడకండి. గీసుకున్న కాసేపటికే ఎర్రబడి, సాయంత్రానికో మర్నాటికో తగ్గేది షేవింగ్ మంట. బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరని కూడా గీరేస్తే వస్తుంది. దవడ కింద ఒకటి రెండు రోజులు ఆగి లేచే గట్టి పొక్కుల సంగతి వేరు. మరీ కిందికి తెగిన వెంట్రుక తిరిగి పెరిగేటప్పుడు బయటికి రాలేక, చర్మంలోకే వంకర తిరిగి గుచ్చుకుంటుంది. ఉంగరాల జుట్టు వాళ్లకి ఈ బెడద ఎక్కువ. ఐదు బ్లేడ్ల రేజర్‌లో ముందున్న బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, వెనకవి ఇంకా కిందికి కోస్తాయి, తెగిన మొన చర్మం లోపలికి జారిపోతుంది. కాబట్టి మీ పొక్కుల్లో కొన్ని పాత రేజర్ పెట్టిపోయిన బాకీ అయినా కావచ్చు.

ఈరోజు నుంచే మూడు ఆపండి. ఒకటి నిమ్మచెక్క. గీరుకుపోయిన చర్మం మీద పులుపు మంటెక్కిస్తుందన్నది చిన్న సంగతి. నిమ్మరసంలో, తొక్కలోని నూనెలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి. రాసుకుని ఎండలోకి పోతే బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి గోధుమరంగు మచ్చ మిగిలిపోవచ్చు. పొదలకూరు వాళ్లింట నిమ్మకాయలకి కొదవుండదు, మామగారు ప్రేమ కొద్దీ చెప్పి ఉంటారు. ఆ కాయలు మజ్జిగలో పిండుకోండి. రెండు, ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ లోషన్. మంటని అది తగ్గించదు, చర్మాన్ని ఇంకా ఆరగొడుతుంది.

మూడోది ఆ ట్యూబు. రాస్తే తగ్గడం, మానేస్తే తిరగబెట్టడం స్టిరాయిడ్ క్రీముల తీరు. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బెటామెథజోన్, మోమెటజోన్ లాంటి పేరుందేమో చూడండి. ఇవి డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. ముఖం, మెడ మీద వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, పలచబడ్డ చర్మానికి అదే బ్లేడు ఇంకా ఎక్కువ గీరుకుంటుంది. ఒకవేళ అడుగున ఉన్నది తామర అయితే పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూనే లోపల పాకుతుంది. రెండు వారాలకి మించి రోజూ రాసి ఉంటే, ఎట్లా ఆపాలన్నది చర్మ డాక్టర్‌నే అడగండి.

ఇక మాస్కు. మామూలుగా అయితే ఐదారు రోజులు రేజర్ ముట్టుకోవద్దని చెప్పి ఊరుకునేవాళ్లం. మీ పనిలో ఆ మాట అంత తేలిగ్గా అనలేం. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మెడ మంటతో పోల్చదగ్గ నష్టం కాదు. మాస్కు అంచు ముఖానికి అతుక్కునే చోట ఒకరోజు గడ్డం ఉన్నా సందులో నుంచి దుమ్ము దూరుతుంది. అయితే ఆ అంచు ఆనేది ముక్కు పక్కన, బుగ్గల మీద, చుబుకం కింద. మెడ మీద ఆనదు. కాబట్టి అద్దం ముందు మాస్కు పెట్టుకుని అంచు ఎక్కడ పడుతోందో చూసుకోండి. ఆ పట్టీ మేరకి, దానికి ఒక వేలు అటూ ఇటూ, వెంట్రుకల వాలుకి ఒక్క గీత గీసుకోండి. దవడ వంపు దిగువ నుంచి కాలర్ దాకా వారం రోజులు అసలు ముట్టుకోకండి. గడ్డం పెరిగినట్టు కనబడుతుంది, కనబడనివ్వండి. మాస్కు ఎలాస్టిక్ తాడు మెడ వెనక నుంచి వచ్చే రకమైతే అది ఎర్రబడ్డ చోట రాసుకోకుండా సర్దుకోండి.

ఆ వారం రోజులూ డ్యూటీ నుంచి రాగానే ముందు ధారగా నీళ్లు పోసుకుని దుమ్ము కడిగేయండి. పొడి తువాలుతో తుడిచారంటే రాతిపొడితో మెడని తోముకున్నట్టే. తర్వాత చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేసుకుని, వాసన లేని పలచటి మాయిశ్చరైజర్ కొద్దిగా రాయండి. పొక్కులున్న చోట, ఈ ఉక్కపోతలో, కొబ్బరినూనె దట్టంగా పట్టించకండి, చెమటతో కలిసి రంధ్రాలు మూసుకుపోతాయి. కలబంద వాడాలనుకుంటే మట్ట కోసి పావుగంట నిలబెట్టి, కారే పసుపు రసాన్ని పూర్తిగా పోనిచ్చి, కడిగి లోపలి గుజ్జు మాత్రమే రాయండి. ఆ పసుపు రసమే చాలామందికి దురద పెట్టేది. పొక్కుల్ని గిల్లి, పిన్నీసుతో వెంట్రుక లాగే పని పెట్టుకోవద్దు.

మెడ చల్లారాక మొదటి మార్పు వేళ. తెల్లారుజామున గీసుకుని ఆరింటికి దుమ్ములోకి, చెమటలోకి పోవడం అంటే పచ్చి గీత మీద ఉప్పు రాసుకోవడమే. రాత్రి స్నానం చేశాక గీసుకోండి. పొద్దునకి చర్మం ఆరేడు గంటలు తేరుకుంటుంది. రాత్రి గీసుకున్నదే పొద్దున మాస్కుకి సరిపోతుంది, ఒకవేళ మీ యూనిట్‌లో సీలు పరీక్ష, అంటే మాస్కు సందు లేకుండా అతుక్కుందో లేదో చూడడం, గట్టిగా ఉండి గరుకు తగిలితే పొద్దున ఆ పట్టీ మీద మాత్రమే ఒక్క గీత లాగండి.

రేజర్ సంగతి. 1904లో కింగ్ క్యాంప్ జిల్లెట్ అమెరికాలో పేటెంట్ పొందిన నాటి నుంచి ఈ రేజర్ మూలసూత్రం మారలేదు: పలచటి బ్లేడుని రెండు రేకుల మధ్య వంచి బిగించి, అంచు మాత్రం కొద్దిగా బయటికి వదలడం. పాతదైనంత మాత్రాన పనికిరాకుండా పోదు, కానీ మామగారిది కాబట్టి ముందు శుభ్రం చేయండి. విప్పి, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో తోమి, సుద్ద పట్టి ఉంటే నీళ్లు కలిపిన వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ఉంచి కడిగి, సర్జికల్ స్పిరిట్‌లో పది నిమిషాలు నానబెట్టండి. ఇప్పుడు కింద రేకు అంచు, అంటే చర్మాన్ని చదును చేసే కడ్డీ, ఎక్కడైనా వంగిందా, పూత లేచి గరుకుగా ఉందా అని గోటితో తడిమి చూడండి. అక్కడ గోరు పట్టుకుంటే మెడ కూడా పట్టుకుంటుంది. అట్లాంటి రేజర్‌ని మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి.

బ్లేడు వేయడంలోనే చాలామంది తప్పు మొదలవుతుంది. పైరేకుని వెల్లకిలా పెట్టి, బ్లేడు దాని మీద పరిచి, కింద రేకు వేసి, పొట్టి అంచులు రెండూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పిడి బిగించండి. బిగించాక రేజర్‌ని కళ్లకి ఎదురుగా నిలబెట్టి పైనుంచి చూస్తే, రెండు పక్కలా బ్లేడు సన్నటి గీతలాగా సమానంగా కనబడాలి. ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా ఉంటే లావుగా ఉన్న పక్క గీరుతుంది, సన్నటి పక్క సరిగ్గా తెగదు, తెగలేదని మీరు నొక్కుతారు. వదులు చేసి మళ్లీ బిగించండి. మెత్తగా నడవాలని పిడిని పావు చుట్టు వదులుగా ఉంచమని కొందరు పెద్దవాళ్లు చెబుతారు. ఈ మూడు ముక్కల రేజర్‌లో అట్లా చేస్తే బ్లేడు పట్టు తప్పి అదురుతుంది. పూర్తిగా బిగించాల్సిందే.

బ్లేడుకి మూడు నాలుగు షేవింగ్‌లు చాలు. వెంట్రుక తెగేటప్పుడు లాగినట్టు అనిపించిన మరుక్షణం దాన్ని పారేయండి. ఈ బ్లేడు ఖరీదు టీ ఖర్చుకి కూడా రాదు, దాన్ని పది పన్నెండు సార్లు లాగించి ఏం మిగుల్చుకుంటాం? బ్లేడు అంచుని తువాలుతో తుడవకండి, దాని మీదున్న సన్నటి పూత పోతుంది. కుళాయి కింద కడిగి విదిలిస్తే సరి. మొదట్లో ఫెదర్ లాంటి మహా పదునైన బ్లేడు జోలికి పోవద్దు. ఊళ్లో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరికే 7 ఓ క్లాక్, విల్కిన్సన్, టోపాజ్ లాంటి వాటిలో ఒకటి పట్టుకుని నెల రోజులు దాన్నే వాడండి. వారానికో బ్రాండు మారిస్తే తప్పు చేతిదో బ్లేడుదో ఎప్పటికీ తేలదు.

నీళ్ల దగ్గర మీ ఉత్తరం చాలా విషయం చెప్పింది. బకెట్‌కి సుద్ద పడుతోందంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి కరగని తెట్టుగా మారిపోతుంది. మీరు తిప్పే క్రీములో కొంత ఆ తెట్టుకే ఖర్చు, మిగిలిందే నురగ. మన జిల్లాలో చాలామంది ఫ్లోరైడ్ మీదికి నెడతారు గానీ నురగకి ఫ్లోరైడ్‌తో పని లేదు, నీళ్ల గట్టిదనంతోనే పని. తేల్చుకోవాలంటే రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో తాగే క్యాను నీళ్లు సగానికి పోసి, రెండింట్లోనూ బట్టల సబ్బు బిళ్ల కాకుండా మామూలు ఒంటి సబ్బు కరిగించిన నీళ్లు ఐదేసి చుక్కలు వేసి గట్టిగా ఊపండి. క్యాను నీళ్ల మీద నురగ నిలబడుతుంది. బోరు సీసాలో పాలవిరుగుడు లాంటి తెల్లటి తెట్టు మిగిలితే మీ అనుమానం నిజమే.

మందు చవకే. ముఖం కడగడానికి, రేజర్ కడగడానికి బోరు నీళ్లే వాడండి. బ్రష్షు నానబెట్టడానికి, నురగ తిప్పడానికి మాత్రం క్యాను నీళ్లు ఒక గ్లాసు. కాచి చల్లార్చినా కొంత సుద్ద అడుక్కి దిగుతుంది, పైతేట వాడుకోవచ్చు, కానీ అన్ని బోర్లకీ అది పనిచేయదు. మీ వీధికి సాగర్ నీళ్ల కుళాయి ఉంటే ఆ నీళ్లు పట్టి పెట్టుకుని చూడండి.

గీసే ముందు ముఖం తడిగా రెండు మూడు నిమిషాలు ఉండాలి. తడిసిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. స్నానం అయిన వెంటనే అయితే ఆ పని అప్పటికే అయిపోయినట్టు. నీళ్లు గోరువెచ్చగా చాలు, చేతికి వేడి అనిపించేవి ముఖానికి వద్దు. రోహిణి కార్తెలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు పొద్దుపోయాక కూడా కాగే ఉంటాయి కదా, ఆ రోజుల్లో క్యాను నీళ్లు కలిపి చల్లార్చుకోవాల్సి వస్తుంది.

నురగ ఇట్లా. మామూలు జంతువు వెంట్రుకల బ్రష్షు అయితే నాలుగైదు నిమిషాలు నానాలి, సింథటిక్ అయితే తడిపితే చాలు. బ్రష్షుని రెండుసార్లు విదిలించి, బాదంగింజంత క్రీము ఒక చిన్న స్టీలు గిన్నెలో వేసి, అర నిమిషం నిదానంగా తిప్పండి. ముద్దగా, జిగటగా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆపి ముఖానికి పూసేస్తారు. పైకి తెల్లగా, మందంగా కనబడుతుంది గానీ దాంట్లో నీళ్లు లేవు. అరచెంచాడు నీళ్లు పోసి మళ్లీ తిప్పండి, ఇంకో అరచెంచా, ఇంకో అరచెంచా. మొత్తం రెండు నిమిషాల పని. పెరుగు మీది మీగడలా నిగనిగలాడుతూ, కంటికి బుడగలు కనపడకుండా, రెండు వేళ్ల మధ్య రాస్తే జారిపోతూ ఉంటే అయినట్టు. వేళ్లు ఒకదానికొకటి పట్టుకుంటే నీళ్లు చాలలేదు. ముఖం మీద నుంచి కారిపోతుంటే ఎక్కువయ్యాయి, ఇంకో చిటికెడు క్రీము వేయండి.

వసారాలో అద్దం దగ్గర ఫ్యాను తిరుగుతుంటే ఆపేయండి. పడమటి గాలి కొట్టే రోజుల్లో ఎంత మంచి నురగైనా నిమిషంలో పెళుసెక్కుతుంది. అందుకే మొత్తం ముఖానికి ఒకేసారి పూయకుండా ముందు బుగ్గలు, అవి అయ్యాక మెడకి కొత్తగా పూసుకోండి. మీరు ఇన్నాళ్లూ బుగ్గ నుంచి మొదలుపెట్టి మెడ దగ్గరికొచ్చేసరికి ఆరిన నురగ మీదే గీసి ఉంటారు. బుగ్గ బాగుండి మెడ మండడానికి ఇదొక్కటే సగం కారణం. బ్రష్షుని మెడ మీద గుండ్రంగా గట్టిగా తోమవద్దు, గోడకి రంగు వేసినట్టు పైకీ కిందికీ మెత్తగా పూయండి. చవక నైలాన్ బ్రష్షు కుచ్చు గుచ్చుకునేలా ఉంటే మంట అక్కడే మొదలవుతుంది.

మెడని వదిలేసిన వారం వృథా కాదు, వాలు తెలుసుకోవడానికి అదే మంచి సమయం. రెండు రోజుల గడ్డం మీద పొడి దూది ముక్కని నెమ్మదిగా లాగండి. సాఫీగా జారిన వైపు వాలు, పీచు తగులుకున్న వైపు ఎదురు. బుగ్గ మీద దాదాపు అందరికీ కిందికే ఉంటుంది. మెడ మీద అట్లా ఉండదు. కొందరికి గొంతుముడి కింద పైకి, దవడ మూలల్లో అడ్డంగా చెవి వైపుకి, ఒక పక్క సుడి కూడా ఉంటుంది. కాగితం మీద మెడ బొమ్మ గీసి, ఎక్కడెక్కడ ఎటు వాలో బాణం గుర్తులు వేసి అద్దం పక్కన అంటించుకోండి. పిల్లల పనిలా అనిపిస్తుంది, కానీ మెడ మంటకి ఇంతకన్నా పనికొచ్చే సాధనం లేదు. పైనుంచి కిందికి గీస్తున్నాను కాబట్టి వాలుకే గీస్తున్నాననుకునేవాళ్లలో చాలామంది మెడ దిగువన ఎదురు గీస్తుంటారు.

ఇక చెయ్యి. కార్ట్రిడ్జ్ రేజర్ తల ఊగుతుంది, మీరు నొక్కినా అది సర్దుకుంటుంది. ఆ అలవాటు ఈ రేజర్‌కి పనికిరాదు. పిడి చివర మూడు వేళ్లతో పట్టుకోండి, గుప్పిట పట్టొద్దు. మెటల్ రేజర్ బరువే దానికి చాలు. పైరేకు చదునుగా బుగ్గకి ఆనేలా, పిడి ముఖానికి సూటిగా బయటికి ఉండేలా పెట్టండి. ఆ స్థితిలో బ్లేడు తగలదు. ఇప్పుడు గీస్తూ పిడిని మెల్లగా కిందికి దించుతూ పొండి. సన్నగా సర్‌మని వెంట్రుక తెగే శబ్దం ఎక్కడ మొదలైందో అదే కోణం, బ్లేడుకీ చర్మానికీ మధ్య దాదాపు 30 డిగ్రీలు. అంతకంటే దించితే బ్లేడు చర్మాన్ని చెక్కుతుంది. మొదటి రెండు రోజులు బ్లేడు తీసేసి, ఖాళీ రేజర్‌తో నురగ తీస్తూ చెయ్యి తిప్పడం నేర్చుకుంటే ఏ నష్టమూ లేదు.

దవడ వంపు దగ్గర ఆగండి. బుగ్గ మీద సరిపోయిన చేతి భంగిమతోనే కిందికి దిగితే, చర్మం వాలు మారిపోయింది కాబట్టి కోణం కూడా మారిపోతుంది. దవడ ఎముక మీద గీత ఆపి, రేజర్ ఎత్తి, తల కాస్త వెనక్కి వాల్చి, మెడ మీద మళ్లీ మొదటి నుంచి పైరేకు ఆనించి కోణం వెతుక్కోవాలి. గీత పొడవు అంగుళం చాలు. మెడ మీద ఒక్కో గీతకీ పక్క చర్మాన్ని ఎడమ చేతి రెండు వేళ్లతో చదునయ్యేంత మేరకే లాగండి. బిగదీసి లాగితే వెంట్రుక లోపలికంటా తెగి, వదలగానే చర్మం కిందికి పోతుంది. అదే పొక్కు. గొంతుముడి మీద నేరుగా గీయకుండా అక్కడి చర్మాన్ని పక్కకి జరిపి, చదునైన కండ మీద గీయాలి. ఒకే చోట రెండు గీతలు దాటొద్దు. నురగ పోయిన చర్మం మీద గీత లాగడం అంటే మంటని చేతులారా తెచ్చుకోవడం. గరుకు తగిలితే మళ్లీ నురగ పూసే వెళ్లండి. రెండు మూడు గీతలకోసారి రేజర్ కడుగుతూ, రెండో అంచుకి తిప్పుతూ ఉండండి.

మొదటి మూడు వారాలు వాలుకి ఒకేసారి. అంతే. చెయ్యి పెడితే గరుకు తెలుస్తుంది, మూడడుగుల దూరం నుంచి ఎవరికీ కనబడదు. మంట రాకుండా ఆ మూడు వారాలు గడిస్తే నాలుగో వారం కొత్త నురగ పూసి, వాలుకి అడ్డంగా ఇంకోసారి. ఎదురు గీత బుగ్గల మీద ఎప్పుడైనా చూసుకోవచ్చు. మెడ మీద మీకు ఎదురు గీత వద్దేవద్దు. మంగలి షాపులో రెండో చుట్టు ఎదురు లాగితే నున్నగా వస్తుంది కదా అంటారేమో. ఆయన చెయ్యి రోజుకి పదుల ముఖాల మీద నడిచినది, పైగా మీరు అక్కడికి వారానికో పది రోజులకో పోతారు. రోజూ ఎదురు గీస్తే ఏ మెడైనా తట్టుకోదు.

గీయడం అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తడి మీదే పటిక. పటిక బిళ్లని నీళ్లలో ముంచి మెడ మీద రుద్దకుండా జార్చండి, ముప్పై సెకన్లు, మహా అయితే నిమిషం ఉంచి కడిగేయండి. అట్లాగే వదిలేస్తే చర్మం బిగుసుకుని పొట్టు రేగుతుంది. పటిక ఎక్కడ చురుక్కుమందో గుర్తుపెట్టుకోండి. అక్కడే మీరు నొక్కారు, లేదా కోణం తప్పారు. రోజుకో మూల చురుక్కుమనడం తగ్గుతూ వస్తే చెయ్యి కుదురుతున్నట్టు. బిళ్ల ఇంట్లో ఎవరిది వాళ్లకే ఉండాలి. తర్వాత తువాలుతో అద్దుకుని, మాయిశ్చరైజర్ బఠాణీ గింజంత.

పైన చెప్పినవన్నీ ఒకే రోజు మార్చకండి. ముందు నిమ్మ, లోషన్ మానడం, మెడకి విశ్రాంతి. తర్వాతి వారం కొత్త బ్లేడు, క్యాను నీళ్లు. ఆ తర్వాత వాలు, కోణం. ఏది మార్చాక మంట తగ్గిందో తెలిస్తే, మళ్లీ ఎప్పుడైనా వచ్చినా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా కొన్ని సందర్భాల్లో షేవింగ్ చిట్కాలు పనికిరావు. పొక్కుల్లో చీము పట్టి పాకుతున్నా, గుండ్రటి అంచుతో పొట్టు లేస్తూ దురద పెడుతున్నా, పొక్కు మానిన చోట గట్టి నల్ల గడ్డలా లేస్తున్నా, జ్వరం తగిలినా రేజర్ ఆపి చర్మ డాక్టర్‌కి చూపించుకోండి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఆ ట్యూబు కూడా వెంట తీసుకెళ్లండి. సెగగడ్డలు పదేపదే వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకోవాలి.

వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో విడిగా వేయకండి, తీసేవాళ్ల చేతులు తెగుతాయి, రోడ్డున పడితే పశువుల నోట్లోకి పోతాయి. మూత బిగిసే పాత డబ్బాకి సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తూ పొండి.

కార్ట్రిడ్జ్‌కి తిరిగి పోవాలా అన్న ప్రశ్నకి: వద్దు. మీ మెడ మీద పొక్కులకి ఐదు బ్లేడ్ల కంటే ఒక్క బ్లేడే మేలు. ఆరు వారాలు పైన చెప్పినట్టు గీసుకున్నాక కూడా దవడ కింద పొక్కులు కొత్తగా లేస్తూనే ఉంటే, అప్పుడు మాస్కు ఆనే పట్టీ వరకు రేజర్, మెడకి మాత్రం మిల్లీమీటరు మిగిల్చే ట్రిమ్మర్ వాడుకోండి. వెంట్రుక చర్మం పైనే తెగితే లోపలికి వంకర తిరగడానికి దానికి దారి ఉండదు.